అరవై అయిదు కిలోల వరకే మనిషి

కారులో బరువు ఎక్కువైతే బ్రేకు సరిగ్గా పడదు, టైరు పేలుతుంది, మలుపులో బండి ఒక పక్కకి ఒరుగుతుంది. ఇవన్నీ నిజాలే, ఎవరూ కాదనలేదు. నిజం జనం చేతిలో ఉన్నంత కాలం దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రభుత్వ శాఖ చేతికి చిక్కిందంటే మాత్రం దాన్ని విడిపించుకు రావడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడాది వానలు వెలిశాక జిల్లాలో వాహన భార సంయమన మహోత్సవాలు మొదలయ్యాయి. ముందుగా పెద్ద ఊరేగింపు తీశారు. ఊరేగింపుకి జనాన్ని కారుకి పదేసి మంది చొప్పున కుక్కి తీసుకొచ్చారు. ఆ తరువాత చింతలగరువు కాలవగట్టు మీద ఎప్పుడో మూతపడిన చెరకు కాటాని బాగు చేయించి, దానికి అటొకటి ఇటొకటి రోడ్డుకి అడ్డంగా గేట్లు పెట్టి, పక్కనున్న గదికి నీలం సున్నం కొట్టి, దానికి భార పరిరక్షణ కేంద్రం అని బోర్డు తగిలించారు.

ఈ సంగతులేవీ చిట్టూరి బుల్లెబ్బాయికి తెలియవు. ఆయన ధ్యాసంతా కూతురి మీదే ఉంది. హారికకి తొమ్మిదో నెల. ఆ రోజు పదకొండు లోపు అత్తారింట్లో సీమంతం. పుట్టింటివాళ్ళు సారె పట్టుకెళ్ళాలి, తల్లి తన చేత్తో కూతురి ఒడిలో చలిమిడి పెట్టాలి, ఆ తరువాత పిల్లని కారెక్కించుకుని కాన్పుకి ఇంటికి తెచ్చుకోవాలి. పదకొండు దాటితే వర్జ్యం. మళ్ళీ మంచి రోజు వచ్చేలోపే డాక్టరమ్మ చెప్పిన తేదీ వచ్చేస్తుంది. మొదటిసారి ఆ పిల్లకి కడుపు నిలవలేదు. కబురంది ఈయన వెళ్ళేసరికి అంతా అయిపోయింది, పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఈసారి తన ఇంట్లో, తన కళ్ళ ముందు ఉండాలని ఆయన పట్టు. చేతిలో లేని విషయాలకి మనుషులు అలాంటి పట్టుదలలే పెట్టుకుంటారు.

కారు సర్దే పని బుల్లెబ్బాయిదే అయినా అధికారం ఆయన తల్లి నూకాయమ్మది. బుల్లెబ్బాయికి ఆ పనిలో కొంత తెలివిడి ఉంది. టైర్లలో గాలి చూసుకున్నాడు. బరువైనవి డిక్కీ అడుగున, తేలికవి పైన పెట్టాలనుకున్నాడు. అరటిగెల, కజ్జికాయల డబ్బాలు, అరిసెల డబ్బాలు, సున్నుండల డబ్బాలు అలాగే సర్దాడు. చలిమిడి బిందె దగ్గరే పేచీ వచ్చింది.

"చలిమిడి కింద పెడతావేట్రా? పిల్ల కడుపు చల్లగుండాలని పెట్టేది కాళ్ళకాడ పెడతారేటి?" అంది నూకాయమ్మ.

"బరువైంది అడుగునుంటే బండి తూలదే అమ్మా."

"బండి తూలితే బాగుచేయించుకోవచ్చు. సీట్లో పెట్టు."

బిందె సీట్లోకి వచ్చింది. అంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. వాళ్ళతో రావలసిన బుల్లెబ్బాయి చెల్లెలికి జ్వరం తగిలింది. ఇక మిగిలింది బుల్లెబ్బాయి, భార్య అనంతలక్ష్మి, నూకాయమ్మ. ముగ్గురు కలిసి శుభకార్యానికి బయల్దేరకూడదు. నూకాయమ్మ పెరట్లోకి వెళ్ళి రుబ్బురోలు పొత్రం ఎత్తించుకొచ్చి, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, వెనక సీట్లో కూర్చోబెట్టింది. దొర్లకుండా బెల్టు కూడా బిగించింది. వీధిలో ఎవరూ వింతగా చూడలేదు. ముగ్గురు బయల్దేరవలసి వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో పొత్రమే నాలుగో మనిషి.

అలా నలుగురూ ఎనిమిదింటికి బయల్దేరారు. తొమ్మిది కాకుండానే చింతలగరువు గేటు అడ్డం పడింది.

భార పరిరక్షణాధికారి ఏకాంబరేశ్వరరావు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, కసురుకోడు, కూర్చుని భోంచేసేటప్పుడు కూడా నిబంధన తప్పడు. ఆయనతో వచ్చే ఇబ్బందంతా అక్కడే ఉంది.

"నమస్కారం. మీ వాహనము భార పరిశీలనా పరిధిలోనికి వచ్చియున్నది. దయచేసి కాటాపై అధిరోహించగలరు," అన్నాడు.

అప్పుడే ఒక ఇసుక లారీ నీళ్ళు కారుస్తూ, ఒక పక్కకి వాలి, మూలుగుతూ వచ్చింది. జవాను పోలయ్య పరుగెత్తి గేటు ఎత్తాడు. లారీ వెళ్ళాక మళ్ళీ దించాడు.

"దాన్ని కాటా ఎక్కించరేటండి?" అన్నాడు బుల్లెబ్బాయి.

"దానిని ఎక్కించినచో కాటా విరుగును. ప్రభుత్వ ఆస్తిని కాపాడుట మా ప్రథమ కర్తవ్యం."

బుల్లెబ్బాయి కారుని కాటా మీదికి ఎక్కించాడు. గది గోడకున్న డబ్బాలో ఎర్రటి అంకెలు వెలిగాయి. ఏకాంబరేశ్వరరావు కారు తలుపు తెరిచి, అంచున కంపెనీవాళ్ళు అతికించిన కాగితం చదివి, తలాడించాడు.

"మొత్తం బరువు పరిమితికి చాలా తక్కువగా ఉన్నది. సంతోషం."

"అయితే ఎల్లమంటారా అండి?"

"మొత్తం బరువు అనునది ఒక భావన మాత్రమే. శాఖకు కావలసినది విభాగముల వారీ బరువు. ప్రయాణికుడు ఒక్కింటికి అరవై అయిదు కిలోలు, అటువంటివారు అయిదుగురు. సామాను యాభై కిలోలు. మీ సామాను ఎనభై ఉన్నట్లు కనబడుచున్నది."

"సీటు ఖాళీగా ఉంది కదండి? ఆ మనిషి బరువు ఇందులో కలుపుకోండి."

"రాని మనిషి బరువును వచ్చిన సామానుకు ఇచ్చుటకు నాకు అధికారము లేదు."

ఆ తరువాత ఆయన మనుషుల్ని కూడా ఒక్కొక్కరినే తూయించాడు. గదిలో బస్తాలు తూచే చిన్న కాటా ఉంది. అనంతలక్ష్మి ఎక్కనంది. ఆ విషయం సున్నితమైనది కాబట్టి సరిగ్గా అరవై అయిదు అని రాసుకోమని శాఖే ఆదేశించిందట. బుల్లెబ్బాయి ఎక్కాడు. తొంభై అయిదు.

ఏకాంబరేశ్వరరావు ఆయన్ని కిందనుంచి పైదాకా జాలిగా చూశాడు.

"నిబంధన ప్రకారం మనిషి అరవై అయిదు కిలోల వరకే మనిషి. ఆపైన ఉన్నది సామాను."

"ఎవరండీ సామాను? నేనా?"

"మీరు కాదు. మీలో ముప్పై కిలోలు మాత్రమే. మిగతా మీరు గౌరవనీయ ప్రయాణికులే."

సామాను ఊగకుండా కట్టాలని ఇంకో నిబంధన ఉంది. ముప్పై కిలోలు బుల్లెబ్బాయిలో ఎక్కడున్నాయో తేల్చడానికి పోలయ్య ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, సందేహం లేకుండా పొట్ట దగ్గర ఆగాడు. పట్టు కండువా తీసి పక్కన పెట్టించి, నులక తాడు రెండు చుట్లు చుట్టి, వీపు మీద ముడి వేశాడు. దగ్గితే ఊడుతుందేమోనని ఒకసారి దగ్గమని కూడా అడిగాడు. బుల్లెబ్బాయి దగ్గాడు. ముడి గట్టిగానే ఉంది. అనంతలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని కాలవవైపు తిరిగింది.

నవ్వు రాని మనిషి బుల్లెబ్బాయి ఒక్కడే. గడియారం చూసుకున్నాడు. తొమ్మిదిన్నర అయింది.

నూకాయమ్మ వంతు వచ్చింది. ఆవిడ చిన్న కాటా ఎక్కి, ముల్లు నలభై అయిదు దగ్గర ఆగితే, తనే ముందుగా అంది: "రాసుకో నాయనా. ఎండిపోయి ఉన్నాను."

ఏకాంబరేశ్వరరావు ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, మీరు పూర్తి ప్రయాణికులు కారు. ఇరవై కిలోలు తక్కువగా ఉన్నారు."

"అంటే నేను మనిషిని కాదా?"

"మనిషే. కాని అసంపూర్ణము. ఆ లోటును పూరించు నిమిత్తం తగిన వస్తువును మీ ఒడిలో ఉంచుకొనవచ్చును. అప్పుడా వస్తువు సామానుగా పరిగణింపబడదు. మీలో భాగమగును."

నూకాయమ్మ ఒక్క క్షణం ఆలోచించి చలిమిడి బిందె తెప్పించి ఒళ్ళో పెట్టించుకుంది. సరిగ్గా అరవై అయిదు. ఏకాంబరేశ్వరరావు ముఖం విప్పారింది.

"ఇప్పుడు ఈ బిందె చట్టరీత్యా మీ అమ్మగారు," అన్నాడు బుల్లెబ్బాయితో. "మార్గమధ్యమున దింపరాదు, మూత తీయరాదు."

అంత చేసినా సామాను ఇంకా ఎక్కువే తేలింది. కొన్ని డబ్బాలు ఇక్కడ దించి వెళ్ళమన్నాడాయన. సారెకని బయల్దేరదీసినదాన్ని దారిలో దించితే పిల్లకి మంచిది కాదని అనంతలక్ష్మి చెప్పింది. వెనక్కి తీసుకెళ్ళడం అంతకంటే మంచిది కాదు. పోనీ ఆ రాయి దించండి అన్నాడు పోలయ్య.

"రాయంటావేట్రా? అది సామాను కాదు. మా నాలుగో మనిషి," అంది నూకాయమ్మ.

ఇంకెవరైనా అయితే ఆ మాటకి నవ్వి ఊరుకునేవారు. ఏకాంబరేశ్వరరావు నవ్వలేదు. గదిలోకి వెళ్ళి నిబంధనల పుస్తకం తిరగేశాడు. తిరగేసి తిరగేసి, ఉప సంచాలకులవారికి ఫోను చేశాడు. అవతల ఉప సంచాలకులవారు మహోత్సవాల వేదిక మీద ఉన్నట్టున్నారు, వెనకాల డప్పులు మోగుతున్నాయి. ఈయన ఫోను పట్టుకుని నిలువునా బిగుసుకుపోయి నిలబడి, చిత్తం చిత్తం అంటూ చాలాసేపు విన్నాడు. బయటికి వచ్చినప్పుడు ముఖంలో వెలుగు ఉంది.

"ప్రయాణికుడనగా వాహనమునందు ఆసీనుడై, బెల్టు ధరించినవాడు. నిర్వచనం అంతవరకే కలదు. ఊపిరి ప్రస్తావన ఎచ్చటనూ లేదు. వారు ఆసీనులై ఉన్నారు, బెల్టు ధరించి ఉన్నారు. ఉప సంచాలకులవారు వారిని ప్రయాణికులుగా గుర్తించుటకు సూత్రప్రాయముగా అంగీకరించినారు."

"నేను సెప్పలేదూ!" అంది నూకాయమ్మ.

"పైగా వారి బరువు పది కిలోలే. లోటు యాభై అయిదు. ఆ మేరకు సారె యావత్తూ వారిపై పేర్చవచ్చును."

పోలయ్య డిక్కీలోంచి డబ్బాలు తెచ్చి, పొత్రం మీదా పక్కనా పేర్చాడు. అడుగున భద్రంగా ఉన్న అరటిగెల ఇప్పుడు అన్నిటికంటే పైన, కారు కప్పుకి తగులుతూ వేలాడింది. మలుపు తిరిగితే అదొచ్చి బుల్లెబ్బాయి మెడ మీద పడేలా ఉంది. డిక్కీ పూర్తిగా ఖాళీ. గోడ మీది ఎర్ర అంకె పొద్దుట్నుంచీ ఎంత ఉందో అంతే ఉంది. ఏకాంబరేశ్వరరావు నాలుగడుగులు వెనక్కి వేసి, ఆ సర్దుబాటుని కళ్ళారా చూసుకున్నాడు.

"ఇప్పుడు ఈ వాహనము సురక్షితము," అన్నాడు.

"ఎల్లొచ్చా అండి?" పది దాటింది. బుల్లెబ్బాయి కారు తాళం చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"కొత్త ప్రయాణికుల వివరములు నమోదు చేసిన వెంటనే. వారి పేరు?"

నూకాయమ్మే చెప్పింది. "సత్తిరాజు. మా ఆయన పేరే రాసుకో. ఆయనా ఇంతే, నలభై ఏళ్ళు నా పక్కన ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఇంత బరువు మాత్రం ఎప్పుడూ మొయ్యలేదు."

పోలయ్య ఫోను తీసి పొత్రానికి ఎదురుగా పట్టుకున్నాడు. ముఖం సరిచూసే యాప్ అది.

"ముఖము ఏ వైపున కలదు?" అన్నాడు అధికారి.

"బొట్టు పెట్టినవైపు," అంది అనంతలక్ష్మి. అప్పటికి ఆవిడకి కూడా అలవాటైపోయింది.

ఫోనులోంచి ఒక ఆడగొంతు తీయగా అడిగింది: దయచేసి కళ్ళు ఆర్పండి. పొత్రం ఆర్పలేదు. గొంతు మళ్ళీ అడిగింది. పోలయ్య ఫోను దగ్గరగా పెట్టాడు, దూరంగా పెట్టాడు, ఎండ పడకుండా గొడుగు పట్టాడు. చివరికి తనే పొత్రం ముందు వంగుని టపటపా కళ్ళు ఆర్పి చూపించాడు. గేటు అవతల ఇవతల కార్లు బారులు తీరాయి. వాటిలోంచి ఒకరిద్దరు లావుపాటివాళ్ళు దిగి, దేనికైనా మంచిదని, తాడు కోసం వరస కట్టారు.

బుల్లెబ్బాయి జేబులో ఫోను మోగింది. హారిక.

"నాన్నా, ఎక్కడున్నారు? పదిన్నర అయింది. పేరంటాళ్ళందరూ వచ్చేశారు."

"కాటా మీదున్నానమ్మా."

"కాటా మీదేంటి?"

ఆయన చెప్పబోయాడు. తాడు సంగతి, పొత్రం సంగతి, సత్తిరాజు గారు కళ్ళు ఆర్పకపోవడం. కిందటిసారి కూడా ఇలాగే దారిలో ఉన్నాడు, వస్తున్నానమ్మా వస్తున్నానమ్మా అంటూనే ఉన్నాడు. పెద్దమనిషి నడిరోడ్డు మీద, పొట్టకి తాడుతో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అమ్మలూ, ఈసారి కూడా రాలేకపోతానేమోనని భయంగా ఉందే," అన్నాడు.

"మీరు ఏడవకండి. చింతలగరువే కదా, ఇక్కడికి దగ్గరే. నేనే వస్తున్నా," అంది హారిక.

పావుగంటలో అల్లుడి కారు అవతలివైపు నుంచి వచ్చింది. ముందు అల్లుడు, వెనక హారిక, పక్కన వియ్యపురాలు సీతారత్నం. ఆ కాటా చెరకు లారీల కోసం కట్టినది కాబట్టి రెండు కార్లు ఎదురెదురుగా నిలబడినా మధ్యలో చోటు మిగిలింది. నిబంధన ప్రకారం అల్లుడు కూడా కారుని కాటా ఎక్కించవలసి వచ్చింది. ఎర్ర అంకె ఒక్కసారి పైకెగిరి ఆగింది.

హారిక కారు దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, తండ్రి పొట్టకున్న తాడుని చూసి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఏకాంబరేశ్వరరావు మాత్రం ఆ పిల్లని చూడగానే పాలిపోయాడు.

"వీరు ఒక్క ప్రయాణికురాలా, ఇద్దరా?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన చెమట తుడుచుకుని విడమరచి చెప్పాడు. "లోపలివారు ప్రయాణికులైనచో వారికి విడిగా బెల్టు ఉండవలెను. సామాను అయినచో డిక్కీలో ఉండవలెను. రెండింటిలో ఏదియో తేలవలెను."

"నీ తల్లి నిన్ను డిక్కీలో పెట్టుకుని మోసిందా నాయనా?" అంది నూకాయమ్మ, చలిమిడి బిందె ఒళ్ళో పట్టుకునే.

ఆయన వినిపించుకోలేదు. మళ్ళీ ఉప సంచాలకులవారికి ఫోను చేశాడు. వారు ఉత్తమ భార సంయమన బహుమతి అందుకుంటున్నారని, ఫోను తీయరని అక్కడివాళ్ళెవరో చెప్పారు. పై నుంచి మాట లేకుండా గేటు ఎత్తడానికి వీల్లేదు. ఏకాంబరేశ్వరరావు పుస్తకం పట్టుకుని కాటా పక్కన కూలబడ్డాడు. పాపం, ఆయనకి అన్నీ కాగితంలో ఒక గడిలోనో ఇంకో గడిలోనో పడాలి. పడనిది ఎదురైతే ఏం చెయ్యాలో శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

సీతారత్నం టైము చూసింది. పదకొండుకి పది నిమిషాలు తక్కువ.

"వదినగారూ," అంది అనంతలక్ష్మితో, "వర్జ్యం వచ్చేత్తంది. ఈయన తేల్చేదాకా కూర్చుంటే పిల్లాడికి బారసాల కూడా ఇక్కడే చేసుకోవాలి. ఒడి ఇక్కడే నింపేయండి."

"రోడ్డు మీదా?"

"పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఉన్నారు, పసుపూ కుంకం ఉన్నాయి. ఇంకేటి కావాలి?"

పోలయ్య గదిలోంచి అధికారి కుర్చీ తెచ్చి కాటా నడిమధ్య వేశాడు. హారికని తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. చట్టరీత్యా నూకాయమ్మలో భాగమైన బిందెకి చట్టవిరుద్ధంగా మూత తీశారు. గేటు దగ్గర ఆగిన కార్లలోంచి ఆడవాళ్ళు దిగివచ్చి, ఎవరి సీమంతమో తెలియకపోయినా పేరంటాళ్ళయ్యారు. సారెలోని గాజులు తొడిగారు, గంధం రాశారు. అనంతలక్ష్మి రెండు చేతులతో చలిమిడి తీసి కూతురి ఒడిలో పెట్టింది. పేరంటాళ్ళలో ఎవరో ఒకావిడ పాట అందుకుంది.

ఏకాంబరేశ్వరరావు గోడ మీది అంకెనే చూస్తున్నాడు. ఒడి నిండగానే అది పెరుగుతుందని ఆయన ఎదురుచూసినట్టున్నాడు. ఒక్క కిలో కూడా కదలలేదు.

సీతారత్నం సారె డబ్బాలన్నీ తన కారులోకి మార్పించింది. సత్తిరాజు గారి నమోదు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి ఆయన్ని మాత్రం గదిలోనే ఉంచి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమని పోలయ్య మర్యాదగా చెప్పాడు. పొత్రాన్ని అధికారి బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. అది లేకపోయినా ఇప్పుడు బుల్లెబ్బాయి కారులో నలుగురు.

హారిక ఒడి నిండుగా పట్టుకుని తండ్రి కారెక్కింది. బుల్లెబ్బాయి తాళం తిప్పాడు. ఏకాంబరేశ్వరరావు లేచి వచ్చి, కారు కిటికీ దగ్గర వంగాడు. ఈసారి గొంతులో దర్పం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్న మనిషి గొంతు అది.

"అమ్మా, ఈ ఒడిలోనిది, ఆ లోపలిది... వీటి బరువు నేను ఎవరి ఖాతాలో వ్రాసుకొనవలెను?"

"ఎవరి ఖాతాలోనూ రాయకండి," అంది హారిక. "కారు మొయ్యట్లేదండి వీటిని. నేను మోస్తున్నా. కిందటిసారి చివరిదాకా మొయ్యలేకపోయాను. ఈసారి మోస్తున్నా."

ఆయన చేతిలోని పుస్తకం మూశాడు. ఆ తరువాత పోలయ్యవైపు తిరిగాడు.

"తల్లి మోయు బరువు అని మన కాగితములో గడి ఏదైనా కలదా?"

పోలయ్య కాగితం ముందూ వెనకా తిప్పి చూశాడు. "లేదండి."

"అయినచో అది మన పరిధిలోనిది కాదు," అన్నాడు ఏకాంబరేశ్వరరావు. "గేటు ఎత్తుము."

ఇంటివైపు గేటు లేచింది. బుల్లెబ్బాయి క్లచ్చి వదిలి, బండిని మెల్లగా కాటా మీంచి వెనక్కి దించి, ఇంటివైపు తిప్పాడు. కాలవగట్టు రోడ్డు నిండా గోతులే. వెనక వచ్చినవాళ్ళు హారన్లు మోగించారు, తిట్టారు, దాటుకుని వెళ్ళిపోయారు. ఆయన ఎవరినీ పట్టించుకోలేదు. గోతి కనబడ్డ ప్రతిచోటా ఆగి, దాని లోతు చూసి, ఒక్కొక్క చక్రాన్నీ విడివిడిగా దించుతూ, విడివిడిగా ఎక్కిస్తూ ఇల్లు చేరాడు. అలా నడపమని ఏ శాఖా ఆయనకి చెప్పలేదు.